ఎలుకబోను: ఒక హత్యారహస్య నాటకమును గూర్చిన పాఠము

నాటకములు పలువిధములు. కొన్ని నవ్వించుటకును, కొన్ని కంట నీరు పెట్టించుటకును, కొన్ని నీతి బోధించుటకును వ్రాయబడినవి. వీనిలో హత్యారహస్య నాటకము ఒక ప్రత్యేకమైన శాఖ. దీనియందు ఒక నేరము జరుగును. నేరస్థుడు మన కన్నులయెదుటనే తిరుగుచు, మాటలాడుచు, కాఫీ త్రాగుచుండును. అయినను చివరి ఘట్టము వచ్చువఱకు వాడెవడో మనము పోల్చుకొనజాలము. ఇట్టి నాటకములు కాలక్షేపమునకే గాని విద్యార్థులు శ్రద్ధతో చదువదగినవి కావని పెద్దలలో ననేకులు తలంతురు. ఆ యభిప్రాయము ఎంతవఱకు సరియైనదో తెలిసికొనుటకై, ఈ జాతి నాటకములలో నెల్ల ప్రసిద్ధి వహించిన దానిని ఒకదానిని తీసికొని, అది యెట్లు పుట్టెనో, యెట్లు కూర్పబడెనో, దాని వేరు ఎట్టి నిజమైన దుఃఖమునందు నాటుకొనియున్నదో ఈ వ్యాసమునందు పరిశీలింతము. ఆ నాటకము పేరు 'ది మౌస్‌ట్రాప్', అనగా ఎలుకబోను. దానిని వ్రాసినది ఆంగ్ల రచయిత్రియగు అగాథా క్రిస్టీ.

1. గ్రంథకర్త్రి

అగాథా క్రిస్టీ 1890 వ సంవత్సరము సెప్టెంబరు 15 వ తేదీన ఇంగ్లండు దక్షిణ తీరమునందలి టార్కీ పట్టణములో జన్మించెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఆమె గాయపడినవారికి పరిచర్య చేసి, తరువాత ఔషధశాలలో పనిచేసెను. ఏ మందు ఎంత మోతాదు మించిన విషమగునో ఆమె అచ్చటనే నేర్చుకొనెను. ఈ జ్ఞానము పిమ్మట ఆమె కథలలో నెంతయో యుపయోగపడెను. 1976 వ సంవత్సరము జనవరి 12 వ తేదీన మరణించువఱకు ఆమె వ్రాసిన నవలలును నాటకములును లోకమందలి పెక్కు భాషలలోనికి పరివర్తింపబడినవి.

1947 వ సంవత్సరము మే నెలలో ఇంగ్లండు రాజమాతయగు మేరీ రాణికి ఎనుబది యేండ్లు నిండెను. ఆ సందర్భమున రేడియోలో ఏమి వినగోరెదరని బి.బి.సి. వారు అడుగగా, అగాథా క్రిస్టీ నాటకము వినవలెనని రాణి కోరెను. అంతట రచయిత్రి 'మూడు గ్రుడ్డి యెలుకలు' అను చిన్న శ్రవ్యనాటిక వ్రాసి యిచ్చెను. అది మే 30 వ తేదీన ప్రసారమయ్యెను. ఇంగ్లండులో పసిపిల్లలు పాడుకొను ఒక పాట పేరే ఆ నాటికకు పేరయ్యెను. తరువాత ఆమె దానిని చిన్నకథగా మార్చి, ఆ పిమ్మట పూర్తి రంగస్థల నాటకముగా పెంచెను. కాని ఆ పేరుతో వేఱొక నాటకము అంతకు ముందే ఆడబడియుండుటచే పేరు మార్చవలసి వచ్చెను. షేక్స్‌పియర్ వ్రాసిన 'హామ్లెట్' నాటకమునందు, రాజు చేసిన హత్యను బయలుపఱుచుటకై యువరాజు రాజు సముఖమున ఒక నాటకము నాడించి, దానికి ఎలుకబోను అని పేరు చెప్పును. దోషిని పట్టుటకు నాటకమే బోనైనదన్నమాట. ఆ పేరును క్రిస్టీ అల్లుడు సూచింపగా ఆమె గ్రహించెను.

2. నాటింగ్‌హామ్ నగరమున ప్రథమ ప్రదర్శనము

ఈ నాటకము లండను నగరమున మొదట ఆడబడలేదు. ఇంగ్లండు నడిమి భాగమున ట్రెంట్ నది యొడ్డున నాటింగ్‌హామ్ అను నగరము కలదు. అది లేసు పరిశ్రమకు పేరొందినది. ఆ పరిశ్రమవలన ధనము గడించిన లాంబర్ట్ సోదరులు 1865 వ సంవత్సరమున అచ్చట థియేటర్ రాయల్ అను నాటకశాలను కట్టించిరి. ఎత్తైన స్తంభములు గల ఆ శాలలోనే 1952 వ సంవత్సరము అక్టోబరు 6 వ తేదీన ఎలుకబోను మొట్టమొదట ప్రదర్శింపబడెను. రిచర్డ్ అటెన్‌బరోయు, ఆయన భార్యయగు షీలా సిమ్‌యు అందు ముఖ్యపాత్రలు ధరించిరి. ఆ అటెన్‌బరోయే పిమ్మట 1982 లో గాంధీమహాత్ముని జీవితమును చలనచిత్రముగా నిర్మించి మన దేశమువారికి పరిచితుడయ్యెను.

లండనునకు బోకమునుపు ప్రాంతీయ నాటకశాలలలో ఆడి చూచుట ఆ దేశమున నొక సంప్రదాయము. నాటకము కాగితము మీద నొకటి, రంగము మీద వేఱొకటి. ఏ మాటకు జనులు నవ్వుదురో, ఎచ్చట నిశ్శబ్దమగుదురో, ఎచ్చట విసుగుచెంది కదలుదురో ప్రేక్షకులు లేక తెలియదు. నాటింగ్‌హామ్‌లో ప్రదర్శనము చూచిన పిమ్మట, హాస్యము ఎక్కువయైనదనియు, నవ్వు మిక్కుటమైనచో భయము సడలిపోవుననియు రచయిత్రి గ్రహించి, దానిని తగ్గింపవలెనని నిశ్చయించెను. తరువాత నాటకబృందము ఆక్స్‌ఫర్డ్, మాంచెస్టర్, లివర్‌పూల్ మొదలగు నగరములు తిరిగి, నవంబరు 25 వ తేదీన లండను నందలి అంబాసడర్స్ థియేటర్‌లో ప్రవేశించెను.

ఇది యెన్నాళ్లు నడచునని ప్రశ్న రాగా, ఎనిమిది నెలలని రచయిత్రియు, పదునాలుగు నెలలని నిర్మాతయగు పీటర్ సాండర్స్‌యు అంచనా వేసిరి. వారి యంచనా రెండును తప్పిపోయెను. 1958 నాటికే అది బ్రిటిషు నాటకరంగమున అన్నిటికంటె దీర్ఘకాలము నడచిన ప్రదర్శనమయ్యెను. 1974 వ సంవత్సరము మార్చి నెలలో ప్రక్కనున్న సెయింట్ మార్టిన్స్ థియేటర్‌నకు ఒక్క ప్రదర్శనమైన తప్పకుండ మార్పబడెను. 2012 వ సంవత్సరము నవంబరు 18 వ తేదీన లండనులో 25,000 వ ప్రదర్శనము జరిగెను. 2020 వ సంవత్సరము మార్చిలో కరోనా మహమ్మారి వలన నాటకశాలలన్నియు మూయబడినప్పుడు మాత్రమే ఇది ఆగెను. 2021 వ సంవత్సరము మే 17 వ తేదీన మరల తెర లేచెను. ఈ నాటకము వలన వచ్చు హక్కులను రచయిత్రి తన మనుమనికి బాల్యమునందే కానుకగా నిచ్చివైచెను.

3. కథాసంగ్రహము

మంకస్‌వెల్ మేనర్ అను పాతకాలపు పెద్ద యిల్లు. మోలీ, జైల్స్ అను యువదంపతులు దానిని బాటసారుల బసగా మార్చి క్రొత్తగా తెఱచియున్నారు. మొదటి అతిథులు వచ్చు దినమున మంచు విపరీతముగా కురియుచుండును. లండనులోని కల్వర్ వీథిలో ఒక స్త్రీ హత్య చేయబడినదని రేడియో వార్త వినవచ్చును. అతిథులు ఒక్కొక్కరుగా వత్తురు: చిందరవందరగా నుండు ఒక యువకుడు, ప్రతిదానికిని తప్పులెన్ను నొక పెద్దమ్మ, సైన్యమునుండి విరమించిన మేజరు, మగవానివలె కఱకుగా నుండు నొక యువతి, పిలువకయే వచ్చిన ఒక విదేశీయుడు. పిమ్మట త్రోవలన్నియు మంచుతో మూసికొనిపోవును. అంతట మంచుమీద జారుచెక్కలపై ట్రాటర్ అను పోలీసు సార్జంటు వచ్చి, హత్య జరిగిన చోట దొరికిన పుస్తకమునందు ఈ యింటి చిరునామా యున్నదని చెప్పును. కొంతసేపటికి టెలిఫోను పలుకదు.

హత్యకు కారణము పాతది. లాంగ్‌రిడ్జ్ అను పొలములో పూర్వము ముగ్గురు దిక్కులేని పిల్లలు పెంపకమునకు ఇయ్యబడి, క్రూరముగా హింసింపబడిరి. వారిలో నొకడు మరణించెను. దానికి పగ తీర్చుకొనువాడెవడో ఇప్పుడు ఆ యింటిలో నున్నాడు. ఆ పిల్లలను అచ్చటికి పంపుటతో సంబంధము గలవారును ఆ యింటిలో నున్నారు. మొదటి యంకము ముగియులోపల దీపములారిపోవును. చీకటిలో మఱియొక హత్య జరుగును. ఇంతకు మించి చెప్పుట ధర్మము కాదు. ఏలయన, ప్రదర్శనాంతమున నటులు ముందుకు వచ్చి, ఈ రహస్యమును మీ హృదయములలోనే యుంచుకొనుడని ప్రేక్షకులను వేడుకొనుట ఆచారము. లక్షలకొలది జనులు దశాబ్దములుగా ఆ మాటను గౌరవించుచు వచ్చిరి. మనమును గౌరవింతము.

4. కూర్పునందలి నేర్పు

ఇట్టి నాటకమునకు ఆధారమైన సూత్రములను విద్యార్థులు గమనింపవలెను.

మొదటిది, స్థలనిర్బంధము. ఒకే యిల్లు, ఒకే గది, ఎనిమిదిమంది పాత్రలు. బయటికి త్రోవ లేదు. బయటినుండి ఎవరును రాజాలరు. కాబట్టి నేరస్థుడు ఈ కొద్దిమందిలోనే యుండవలెను. నాటకశాలకు ఇది మిక్కిలి యనుకూలము; ఏలయన రంగమునకును మూడు గోడలే యుండును, ప్రేక్షకుడే నాలుగవ గోడ.

రెండవది, ప్రతి పాత్రయు ఏదో యొకటి దాచుట. దాచినవారందఱు నేరస్థులు కారు. ఒకడు సిగ్గుచే దాచును, మఱొకడు పూర్వదుఃఖముచే దాచును, ఇంకొకడు ప్రేమచే దాచును. పెండ్లియై సంవత్సరమైన దంపతులు సైతము ఒకరినొకరు అనుమానింప నారంభింతురు. హత్యకంటె ఈ యనుమానమే నాటకమునందు ఎక్కువ భయంకరమైనది.

మూడవది, ఆధారములను దాచక చూపుట. 1929 వ సంవత్సరమున రోనాల్డ్ నాక్స్ అను ఆంగ్ల మతాచార్యుడు అపరాధపరిశోధక కథలకు పది నియమములు కూర్చెను. నేరస్థుడు కథారంభముననే కనబడవలెననియు, పరిశోధకుడు తాను కనుగొన్న గుర్తులను చదువరికి వెంటనే తెలుపవలెననియు అందు గలదు. అనగా రచయితయు ప్రేక్షకుడును ఒకే పలకపై లెక్క చేయవలెను. జవాబు చూచిన పిమ్మట, అయ్యో, ఇది మన కన్నులయెదుటనే యుండెనే యని ప్రేక్షకుడు అనుకొనవలెను గాని, మోసపోతినని అనుకొనరాదు. క్రిస్టీ ఈ నియమములను ఒక్కొక్కప్పుడు అంచుదాక సాగదీయును గాని, న్యాయమును తప్పదు.

నాలుగవది, చూపును మఱల్చుట. గారడీవాడు కుడిచేతిని ఆడించుచుండగా ఎడమచేయి పనిచేయును. ఈ నాటకమునందు విచిత్రవేషములును వింతమాటలును కుడిచేతివంటివి.

అయిదవది, ధ్వనియు చీకటియు. హత్య కన్నులకు కనబడదు; ఈలపాట వినబడును, తలుపు కిఱ్ఱుమనును, దీపమారును. ప్రాచీన గ్రీకుల నాటకములలో చంపుట సాధారణముగా రంగము వెలుపల జరుగును. మన ఆలంకారికులును వధను రంగముపై చూపరాదని శాసించిరి. సంస్కృత నాటకమగు 'మృచ్ఛకటికము' తొమ్మిదవ యంకమునందు వసంతసేనను చంపెనను నిందపై చారుదత్తుని న్యాయసభలో విచారింతురు. అచ్చట ప్రేక్షకునికి నిజము తెలియును, సభవారికి తెలియదు. అందుచే మనకు కరుణ పుట్టును. క్రిస్టీ నాటకమునందు ప్రేక్షకునికే నిజము తెలియదు. అందుచే భయమును ఆశ్చర్యమును పుట్టును. ఈ రెండు పద్ధతులను ప్రక్కప్రక్కన నిలిపి చూచిన యెడల, తెలిపినదానిచేతనే గాక తెలుపనిదానిచేతను రసము పుట్టునని తేటపడును.

5. నాటకమునకు వేరైన నిజవృత్తాంతము

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వత్తము. లాంగ్‌రిడ్జ్ పొలము కల్పితమే గాని, దాని వెనుక నిజమైన యొక బాలుడున్నాడు. వాని పేరు డెన్నిస్ ఓనీల్. వేల్సు దేశమందలి న్యూపోర్ట్ పట్టణమున పుట్టినవాడు. తలిదండ్రులు పోషింపలేకపోగా, న్యాయస్థానపు ఉత్తరువుచే ఆ పట్టణ పాలకసంఘమువారు వానిని తమ సంరక్షణకు తీసికొనిరి. 1944 వ సంవత్సరము వేసవిలో వానిని, వాని తమ్ముడగు టెరెన్సును ష్రాప్‌షైర్ మండలమున మిన్‌స్టర్లీ గ్రామమునొద్ద ఒక పొలమునందలి దంపతులకు పెంపకమునకు ఇచ్చిరి. ఆ దంపతులు వారిని ఆకలితో మాడ్చి, కొట్టి, చలిలో నుంచిరి. 1944 డిసెంబరులో న్యూపోర్ట్‌నుండి ఒక యుద్యోగిని వచ్చి చూచి, పిల్లలను అచ్చటనుండి తీసివేయవలెనని నివేదించెను. కాని ఆ నివేదిక మీద వెంటనే ఎవరును కదలలేదు. 1945 వ సంవత్సరము జనవరి 9 వ తేదీన డెన్నిస్ మరణించెను. వానికి పండ్రెండేండ్లు.

ఆ రైతునకు ఆఱు సంవత్సరముల ఖైదును, అతని భార్యకు ఆఱునెలల ఖైదును విధింపబడెను. సర్ వాల్టర్ మాంక్టన్ అను న్యాయవేత్త ప్రభుత్వము పక్షమున విచారణ జరిపెను. ఎవ్వరును పగబట్టి ఆ బాలుని అక్కడికి పంపలేదు. రెండు పాలకసంఘముల నడుమ, ఇది నీ పని యనుకొనుట వలనను, చూడవలసినవారు సకాలమున చూడకపోవుట వలనను అంత దారుణము సంభవించెను. ఇల్లు లేని పిల్లల స్థితిని గూర్చి లేడీ ఆలెన్ అను దయాశీలురాలు 1944 లోనే పత్రికాముఖమున హెచ్చరించియుండెను. డెన్నిస్ మరణముతో దేశమంతయు కలవరపడెను. మైరా కర్టిస్ అధ్యక్షతను ఏర్పడిన సంఘము 1946 లో తన నివేదికను సమర్పించెను. దాని ఫలితముగా 1948 వ సంవత్సరమున బాలల చట్టము పుట్టెను. ఆ చట్టము ప్రకారము ప్రతి స్థానిక ప్రభుత్వమును పిల్లల కొఱకు ఒక సంఘమును, బాధ్యత వహించు ఒక ప్రత్యేకాధికారిని నియమింపవలసి వచ్చెను. అంతకు ముందు పలువురి నడుమ చెదరియున్న బాధ్యత అప్పుడు ఒక్కరి భుజము మీద నిలిచెను.

రేడియో నాటిక వ్రాయబడిన 1947 వ సంవత్సరమునాటికి ఈ విషయము జనుల మనసులలో ఇంకను పచ్చిగానే యుండెను. వినోదము కొఱకు కూర్చున్న ప్రేక్షకులు ఆ పొలము పేరు వినగానే ఏమి తలచుకొనియుందురో మనము ఊహింపవచ్చును. టెరెన్సు బ్రదికి పెద్దవాడై, 2010 లో ఆ కథను తానే పుస్తకముగా ప్రకటించెను.

6. విమర్శ

ఇట్టి పసివాని మరణమును వినోదమునకు వాడుకొనుట తగునా యని కొందఱు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. ఈ నాటకము డెన్నిస్ జీవితమును చిత్రింపదు. వాని బాధ ముందుగది వెనుక వినబడు ఏడుపువలె దూరమున నుండును. జనులు ఎవడు చేసెనను లెక్కలో మునిగి, ఏల జరిగెనను సంగతిని మఱచిపోవు ప్రమాదమున్నది.

అయినను నాటకము ఒక్క పనిని గట్టిగా చేయుచున్నది. పిల్లలను ఆ పొలమునకు పంపుటలో పాలుగొన్న పాత్ర, తన పని తాను చట్టప్రకారము చేసితిననియు, పెంపకమిచ్చిన వారు మంచివారుగానే కనబడిరనియు సమాధానము చెప్పును. చేతికి రక్తమంటలేదు, అయినను మనసునకు ఊరట లేదు. సాయము చేయగలిగియు చేయకపోవుట నేరమగునా? చట్టపుస్తకములో దీనికి జవాబు దొరకకపోవచ్చును గాని, ప్రేక్షకుని అంతరాత్మలో దొరకును. అదే సమయమున, పగ తీర్చుకొనువాని చేతను నాటకము న్యాయము చేయింపదు. చంపబడినవారి వలన చనిపోయిన బాలుడు తిరిగి రాడు. భయము మాత్రము మఱికొందఱి యిండ్లలో ప్రవేశించును. నిజజీవితమున డెన్నిస్ వంటి పిల్లలకు మేలు చేసినది పగ కాదు. విచారణ, నివేదిక, చట్టము, తలుపు తట్టి చూచు ఒక మనిషి. ఇది రంగముపై చూపుటకు రుచికరమైనది కాదు గాని, ఫలమిచ్చినది ఇదియే.

7. ఉపసంహారము

విద్యార్థులారా, హత్యారహస్య నాటకము చదువునప్పుడుగాని చూచునప్పుడుగాని మూడు సంగతులు జ్ఞాపకముంచుకొనుడు. రూపమును చూచి మనిషిని నిర్ణయింపకుడు. విచిత్రముగా నుండువాడు నిరపరాధి కావచ్చును, నమ్మదగిన ముఖము మోసము చేయవచ్చును. గుర్తులన్నియు కూడునంతవఱకు తీర్పు చెప్పకుడు. ఎవడు చేసెనని తెలిసిన పిమ్మట పుస్తకము మూయక, ఎవరు చూచియు ఊరకుండిరని కూడ అడుగుడు.

తలిదండ్రులకును ఉపాధ్యాయులకును ఈ కథ వేఱొక మాట చెప్పుచున్నది. పరులచేతికి అప్పగింపబడిన బిడ్డ తిన్నదా, నిద్రించినదా, ఒంటిమీద దెబ్బలున్నవా యని స్వయముగా చూచు కన్ను లేనిచోట, ఎంత మంచి నిబంధనయు కాగితముగానే మిగులును. ఆ యుద్యోగిని వ్రాసిన నివేదికను మఱునాడే ఎవరైన చదివి కదలియున్న యెడల, ఒక బాలుడు బ్రదికియుండును. లోకమునకు ఈ నాటకము లేకపోయినను నష్టము లేకుండును.

ప్రశ్నలు

1. నాటకమును లండనునకు ముందు ప్రాంతీయ నాటకశాలలో ఆడుట వలని ప్రయోజనమేమి?
2. 'మృచ్ఛకటికము'నందును ఈ నాటకమునందును ప్రేక్షకునికి గల జ్ఞానములో భేదమేమి? దానివలన రసమెట్లు మారును?
3. 1948 నాటి బాలల చట్టము పుట్టుటకు గల కారణములను వరుసగా వ్రాయుడు.
4. సాయము చేయగలిగియు ఊరకుండుట దోషమా? మీ యభిప్రాయమును కారణములతో వివరింపుడు.